పెద్ద ఓడ ఒడ్డుకు ఎలా వస్తుంది?

శ్రీకాకుళం జిల్లాలో వంశధార సముద్రంలో కలిసే చోట కళింగపట్నం ఉంది. ఒకప్పుడు పేరున్న రేవు. అయినా ఓడలు తీరం దాకా వచ్చేవి కావు. ఎందుకు?

ఒడ్డు దగ్గర లోతు తక్కువ, అలల పోటు ఎక్కువ. అందుకే ఓడ దూరంగా లంగరు వేసేది. సరుకును మసూలా పడవల్లో చేరవేసేవారు. వాటి పలకలను మేకులతో బిగించకుండా కొబ్బరి తాళ్లతో కుట్టేవారు. అల బలంగా కొట్టినా పడవ కాస్త వంగి తట్టుకునేది.

మరి ఇప్పుడు పెద్ద ఓడ ఒడ్డును ఎలా ఆనుకుంటుంది? మూడు పనులు జరగాలి.

ఒకటి: సముద్రంలోకి బండరాళ్ల గోడ కట్టి అలలను ఆపాలి. 1933లో ప్రారంభమైన విశాఖ రేవును కట్టేటప్పుడు రెండు పాత ఓడలను రాళ్లతో నింపి, ముంచి, అలలకు అడ్డుగా నిలిపారు!

రెండు: అడుగున ఇసుక తోడి లోతు పెంచాలి. మన తీరంలో కెరటాలు ఏడాదిలో ఎక్కువ కాలం ఇసుకను ఉత్తరం వైపు నెడుతూనే ఉంటాయి. కాబట్టి ఈ తోడే పని మళ్లీ మళ్లీ చేయాల్సిందే.

మూడు: రేవులోకి వచ్చే దారి బాగా తెలిసిన పైలట్ ఓడెక్కి దారి చూపిస్తాడు. టగ్‌లనే చిన్న, బలమైన నౌకలు ఓడను నెట్టి, లాగి, అది ఒడ్డును ఆనుకుని ఆగే చోటైన బెర్తుకు చేరుస్తాయి.

శ్రీకాకుళం జిల్లాలోనే సంతబొమ్మాళి మండలం మూలపేటలో 2023 ఏప్రిల్‌లో కొత్త రేవుకు శంకుస్థాపన జరిగింది. అక్కడ సముద్రంలోకి సాగే రాళ్ల గోడను చూసి ఎవరైనా ‘ఇదెందుకు?’ అని అడిగితే, ఇక మీరే చెప్పగలరు.