వ్యాయామ సమయంలో ఛాతీ నొప్పి: చిన్న వయసువారు తెలుసుకోవలసిన విషయాలు

ఈ భాగం ఎవరి కొరకు?

అమెరికాకు ఉద్యోగానికో, చదువుకో వచ్చిన మనవారిలో చాలామంది ఇరవై, ముప్పై ఏళ్ల వయసువారు. ఈ వయసులో గుండె జబ్బేమిటి అనుకోవడం సహజం. ఆదివారం క్రికెట్ ఆడుతుంటేనో, జిమ్‌లో పరిగెడుతుంటేనో, గోడౌన్‌లో బరువులు ఎత్తుతుంటేనో ఛాతీ పట్టేసినట్లు ఉంటుంది. కాసేపు కూర్చుంటే తగ్గిపోతుంది. గ్యాస్ అయి ఉంటుందిలే అని ఈనో తాగి ఊరుకుంటారు. అమ్మానాన్న కంగారు పడతారని ఇంటికి చెప్పరు. బిల్లు ఎంత వస్తుందో అని డాక్టరు దగ్గరకు వెళ్లరు. అటువంటివారి కొరకే ఈ భాగం.

ముందుగా ఒక మాట గుర్తుంచుకోండి. శ్రమ చేసినప్పుడు వచ్చి, విశ్రాంతి తీసుకోగానే తగ్గే నొప్పిని "తగ్గిపోయింది కదా" అని వదిలేయకూడదు. అలా రావడం, అలా తగ్గడం గుండె నుంచి వచ్చే నొప్పి లక్షణం కావచ్చు. పరీక్ష చేయించుకొనే వరకు ఆట, జిమ్, పరుగు ఆపివేయవలెను.

అన్ని నొప్పులూ గుండెవి కావు

చిన్న వయసువారిలో ఛాతీ నొప్పికి ఎక్కువసార్లు కారణం వేరే ఉంటుంది. కండరం పట్టేయడం, పక్కటెముకల దగ్గర వాపు, కడుపులో ఆమ్లం పైకి రావడం, వ్యాయామంతో వచ్చే ఉబ్బసం, మనసులో ఆందోళన, ఇవన్నీ ఛాతీలో నొప్పి తెస్తాయి. సన్నగా, పొడుగ్గా ఉండే యువకులలో ఒక్కోసారి ఊపిరితిత్తి చుట్టూ గాలి చేరి, ఒక పక్క హఠాత్తుగా పొడిచినట్లు నొప్పి, ఆయాసం వస్తాయి. దీనికి కూడా అత్యవసర చికిత్స కావాలి. ఏది ఏదో ఇంట్లో కూర్చుని తేల్చుకోలేము.

గుండెకు సంబంధించిన ముఖ్య కారణాలు

1. గుండె కండరం మందం కావడం. ఇది సుమారు 500 మందిలో ఒకరికి ఉంటుంది, వంశపారంపర్యంగా వస్తుంది. గుండె కండరాన్ని బలహీనపరచగల ఒక జన్యు లోపం భారత ఉపఖండం వారిలో సుమారు 4 శాతం మందిలో ఉన్నదని 2009లో శాస్త్రవేత్తలు ప్రకటించారు. ఆ లోపం ఉన్న అందరికీ జబ్బు రాదు. కానీ మీ కుటుంబంలో ఎవరైనా చిన్న వయసులో ఉన్నట్టుండి చనిపోయి ఉంటే డాక్టరుకు తప్పక చెప్పండి.

2. గుండెకు రక్తం ఇచ్చే నాళం పుట్టుకతోనే లేకపోవడం, లేదా తప్పు చోట నుంచి బయలుదేరడం. అమెరికా బాస్కెట్‌బాల్‌లో పెద్ద పేరున్న పీట్ మారవిచ్ 1988 జనవరిలో, 40 ఏళ్ల వయసులో, సరదాగా ఆడుతూ కుప్పకూలి మరణించారు. ఎడమ వైపు నాళం ఆయనకు పుట్టుకతోనే లేదని పోస్ట్‌మార్టంలో తెలిసింది. పదేళ్లు వృత్తిగా ఆడిన మనిషికే తెలియలేదు. బాగా ఆడగలిగినంత మాత్రాన గుండె బాగున్నట్లు కాదు.

3. గుండె కండరం వాపు. జ్వరం, జలుబు తగ్గిన కొద్ది రోజులకు రావచ్చు. ఇది ఉంటే డాక్టరు చెప్పేదాకా, సాధారణంగా కొన్ని నెలల పాటు, వ్యాయామం చేయరాదు.

4. రక్తనాళాలలో కొవ్వు పేరుకోవడం. 52 దేశాలలో జరిగిన ఒక పెద్ద పరిశోధనలో, దక్షిణాసియా వారికి మొదటి గుండెపోటు ఇతరులకన్నా సుమారు ఆరేళ్లు ముందుగా వస్తున్నట్లు తేలింది. నటుడు నందమూరి తారకరత్న 2023 జనవరి 27న కుప్పంలో పాదయాత్రలో కుప్పకూలి, ఫిబ్రవరి 18న మరణించారు. ఆయన వయసు 39. పొగ తాగడం, షుగరు, బి.పి., కొలెస్టరాల్, తండ్రికి గానీ అన్నదమ్ములకు గానీ చిన్న వయసులో గుండెపోటు వచ్చి ఉండడం, ఇవి ప్రమాదాన్ని పెంచుతాయి.

వెంటనే 911కు ఎప్పుడు ఫోన్ చేయాలి?

- ఆడుతూ, పరిగెడుతూ స్పృహ తప్పితే. లేచి కూర్చుని బాగానే ఉన్నానన్నా సరే.
- విశ్రాంతి తీసుకున్నా కొద్ది నిమిషాలలో నొప్పి తగ్గకపోతే.
- నొప్పి ఎడమ చేతికి, దవడకు, వీపుకు పాకితే.
- నొప్పితో పాటు చెమటలు, ఆయాసం, వాంతి, గుండెదడ, కళ్లు తిరగడం ఉంటే.

911 కాల్ ఉచితము. సర్వీసు లేని మొబైల్ నుంచి కూడా వెళుతుంది. ముందు మీరున్న చిరునామా చెప్పండి. చాలా కేంద్రాలలో దుబాసీని లైనులోకి తీసుకుంటారు, "తెలుగు" అని చెప్పండి. సొంతంగా కారు నడుపుకుంటూ ఆసుపత్రికి వెళ్లకండి. ఆస్పిరిన్ కూడా 911 వారు చెబితేనే వేసుకోండి.

మీ రూమ్మేట్ కుప్పకూలి, పిలిచినా పలకకుండా, ఊపిరి సరిగా లేకపోతే: 911కు చేసి ఫోన్ స్పీకరులో పెట్టండి. ఛాతీ మధ్యలో రెండు చేతులు ఉంచి, నిమిషానికి 100 నుంచి 120 సార్లు, కనీసం రెండు అంగుళాల లోతుకు నొక్కుతూ ఉండండి. మరొకరిని ఏ.ఇ.డి. పెట్టె కోసం పంపండి. విమానాశ్రయాలలో, చాలా జిమ్‌లలో, ఆఫీసులలో ఇది గోడకు ఉంటుంది. తెరిస్తే ఏమి చేయాలో అదే చెబుతుంది. సదుద్దేశంతో సహాయం చేసినవారికి రక్షణ ఇచ్చే చట్టాలు అన్ని రాష్ట్రాలలో ఉన్నాయి.

నొప్పి వచ్చి తగ్గిపోతే?

పైన చెప్పిన లక్షణాలేవీ లేకపోయినా వారాల తరబడి ఆగకండి. అదే రోజు గానీ మరుసటి రోజు గానీ డాక్టరుకు ఫోన్ చేయండి. విద్యార్థులు ముందుగా యూనివర్సిటీ హెల్త్ సెంటరుకు వెళ్లవచ్చు. ఫోనులో "చెస్ట్ పెయిన్ వెన్ ఐ ఎక్సర్‌సైజ్" అని స్పష్టంగా చెప్పండి. "కొంచెం గ్యాస్" అంటే అపాయింట్‌మెంట్ నెల తరువాత ఇస్తారు.

ఇవి ఒక కాగితం మీద రాసుకుని వెళ్లండి: నొప్పి ఏ పని చేస్తుంటే వచ్చింది, ఎంతసేపు ఉంది, దేనితో తగ్గింది, స్పృహ తప్పిందా, కుటుంబంలో ఎవరికి ఏ వయసులో గుండె జబ్బు ఉంది, మీరు వాడే మందులు, సిగరెట్టు, మద్యం, ఎనర్జీ డ్రింకులు. ఏదీ దాచకండి. సాధారణంగా ఇ.సి.జి., రక్త పరీక్ష, ఎకో, ట్రెడ్‌మిల్ పరీక్ష, అవసరమైతే సి.టి. స్కాన్ చేస్తారు. ఇ.సి.జి. బాగుందన్నంత మాత్రాన అన్నీ తేలినట్లు కాదు. మళ్లీ నొప్పి వస్తే మళ్లీ వెళ్లండి.

డబ్బు, ఇన్సూరెన్స్

1986 నాటి చట్టం ప్రకారం, మెడికేర్‌లో చేరిన ఆసుపత్రుల ఎమర్జెన్సీ విభాగాలు ఎవరు వచ్చినా పరీక్షించి, ప్రాణాపాయం తప్పించే చికిత్స ఇవ్వాలి. ఇన్సూరెన్స్ లేదని, వీసా సరిగా లేదని తిప్పి పంపరాదు. కానీ బిల్లు వస్తుంది. బిల్లుకు భయపడి ప్రాణం పోగొట్టుకోవద్దు. బిల్లు తగ్గించుకొనే మార్గాలు ఉన్నాయి.

- ఇన్సూరెన్స్ ఉన్నవారికి, నెట్‌వర్క్‌లో లేని ఆసుపత్రి అయినా, ఎమర్జెన్సీ చికిత్సకు అదనపు బిల్లు వేయడాన్ని 2022 జనవరి 1 నుంచి అమలైన చట్టం చాలావరకు అడ్డుకుంటుంది. రోడ్డు అంబులెన్సుకు ఇది వర్తించదు.
- లాభాపేక్ష లేని ఆసుపత్రులకు రాతపూర్వక ఆర్థిక సహాయ విధానం ఉండి తీరాలి. "ఫైనాన్షియల్ అసిస్టెన్స్" దరఖాస్తు అడగండి. వివరాలతో కూడిన బిల్లు కూడా అడగండి.
- ఉద్యోగం పోయినవారు, 20 మంది లేక అంతకన్నా ఎక్కువమంది ఉన్న సంస్థలో పనిచేసి ఉంటే, కోబ్రా కింద పాత ఇన్సూరెన్స్ కొనసాగించుకోవచ్చు. ఎంచుకోవడానికి కనీసం 60 రోజుల గడువు ఉంటుంది. ప్రీమియం మీరే కట్టుకోవాలి.

రాయబార కార్యాలయం ఏమి చేయగలదు?

ఆసుపత్రి బిల్లులు రాయబార కార్యాలయం సాధారణంగా చెల్లించదు. నిస్సహాయ స్థితిలో ఉన్న అర్హులకు, ఆర్థిక స్థితిని పరిశీలించిన మీదట, 2009లో ఏర్పడిన భారతీయ సమాజ సంక్షేమ నిధి నుంచి అత్యవసర వైద్య సహాయం కొరకు అభ్యర్థించవచ్చు. మీ ప్రాంతానికి సంబంధించిన కాన్సులేటును సంప్రదించండి. ఇంటివారికి సమాచారం చేర్చడంలో, స్థానిక తెలుగు సంఘాలతో మాట్లాడడంలో మేము సహాయపడగలము.

ఒక చిన్న పని ఈ రోజే చేయండి. ఇక్కడి గోప్యతా నియమాల వల్ల, ఆసుపత్రివారు స్నేహితులకు వివరాలు చెప్పడానికి వెనకాడతారు. మీ ఫోనులో, ఆఫీసులో, కాలేజీలో అత్యవసర సమయంలో పిలవవలసిన వ్యక్తి పేరు నమోదు చేయండి. ఇన్సూరెన్స్ కార్డు ఫోటో, ఇంటి నంబరు మీ రూమ్మేట్ దగ్గర కూడా ఉంచండి.

మీ ఆరోగ్యం సంగతి ఇంటికి చెప్పండి. విని వారు కంగారు పడవచ్చు. కానీ మీ తాతగారో, మేనమామగారో ఏ జబ్బుతో పోయారో డాక్టరుకు కావలసిన ఆ సమాచారం వారి దగ్గరే ఉంది.