మొవ్వులో దాక్కునే కొబ్బరి దొంగ

2019 మార్చి. మలేషియాలోని జొహోర్‌లో మేం పనిచేసే మొక్కల నర్సరీ. వానల్లేవు, ఎండలు మండిపోతున్నాయి. పెద్ద తొట్లలో పెంచిన మనిషెత్తు కొబ్బరి మొక్కల్లో ఓ మూల ముప్ఫై, నలభై ఉన్నట్టుండి మాడిపోవడం మొదలెట్టాయి. చిత్రమేమిటంటే కింది ముదురాకులు పచ్చగానే ఉన్నాయి. కొత్తగా విచ్చుకున్న ఆకులే నిప్పు తగిలినట్టు గోధుమరంగుకు తిరిగి, అంచులు చిరిగి వేలాడుతున్నాయి.

సూపర్‌వైజరు వచ్చి అటూ ఇటూ చూసి, ‘‘ఎరువు ఎక్కువేశారు, అందుకే కాలిపోయింది’’ అని తేల్చేశాడు. ఆ వరసలకు నీళ్లు, ఎరువు చూసేది మా తెలుగువాళ్లం నలుగురం. చచ్చిన మొక్కల ఖరీదు జీతంలోంచి పట్టుకుంటామని చెప్పి వెళ్లిపోయాడు. ఏజెంటు అప్పే ఇంకా తీరలేదు. ఆ రాత్రి ఎవరికీ అన్నం సయించలేదు.

మాలో రాజోలు నుంచి వచ్చిన పెద్దాయన ఒకరున్నారు. అందరం బాబాయ్ అంటాం. ఊళ్లో కొబ్బరి దింపు పని చేసిన మనిషి. ఆయన మాత్రం, ‘‘ఎరువు కాల్చితే ముందు ముదురాకు కొసలు కాలాలి కదరా! మొవ్వు ఎందుకు మాడుద్ది?’’ అంటూనే ఉన్నాడు. పొద్దున్నే చాకు పట్టుకుని ఒక మొక్క దగ్గర కూర్చున్నాడు. ఇంకా విచ్చుకోని, కత్తిలా నిలబడి ఉన్న మొవ్వాకును నెమ్మదిగా విడదీశాడు. లోపల తడితడిగా గోధుమరంగు పొట్టు, ఆ మధ్యలో చప్పిడి చప్పిడిగా, సన్నగా ఉన్న పురుగులు. వెలుతురు పడగానే పక్క మడతలోకి పాకేశాయి.

సూపర్‌వైజర్ని పిలిచి చూపించాం. ఆయన ఏమీ మాట్లాడలేదు. మధ్యాహ్నం వ్యవసాయ శాఖకు ఫోన్ వెళ్లింది. వచ్చిన అధికారి నాలుగు పురుగులు, కొన్ని పిల్లపురుగులు సీసాలో వేసుకుని పోయాడు. నాలుగు రోజులకు పేరు తెలిసింది. బ్రోంటిస్పా లాంగిస్సిమా. కొబ్బరి ఆకు పెంకు పురుగు. జీతం కోత మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు.

నర్సరీల్లో, రిసార్టు తోటల్లో, రోడ్ల పక్కన పామ్ మొక్కల మధ్య మనవాళ్లు చాలామంది పనిచేస్తున్నారు. రేపు ఇలాంటి నింద ఎవరి మీదైనా పడొచ్చు. అందుకే ఆనాడు నేర్చుకున్నదీ, తర్వాత ఆరా తీసి తెలుసుకున్నదీ ఇక్కడ చెబుతున్నాం.

తాటాకు తెగులుకి చుట్టం

పెంకు పురుగుల్లో ఆకులు తిని బతికే కుటుంబం ఒకటుంది. అందులో 35 వేలకు పైగా జాతులున్నాయి. మన పాదు మీద వాలి గుమ్మడి ఆకులు జల్లెడ చేసే ఎర్ర పెంకు పురుగు ఈ కుటుంబానిదే. వరిలో ఆకు మీద తెల్ల చారలు గీకే హిస్పా పురుగు, అదే మన రైతులు తాటాకు తెగులు అనేది, దీనికి ఇంకా దగ్గరి చుట్టం. వరి హిస్పా ఒంటినిండా ముళ్లుంటాయి, దీనికి ఉండవు. కానీ ఆకు పచ్చదనాన్ని చారలు చారలుగా గీకి తినే బుద్ధి మాత్రం ఇద్దరిదీ ఒకటే.

దీన్ని శాస్త్రానికి పరిచయం చేసింది ఇటలీలో జెనోవా మ్యూజియంలో పనిచేసిన రఫేలో గెస్ట్రో, 1885లో. ఆయనకు అందిన పురుగులు ఇండోనేషియా తూర్పు కొసనున్న ఆరు దీవులవి. (ఆరు అంటే అంకె కాదు, ఆ దీవుల పేరే అది.) లాటిన్‌లో లాంగిస్సిమా అంటే బాగా పొడుగైనది అని. పేరు చూసి బారెడు పురుగు అనుకునేరు! పొడవు 8 నుంచి 10 మిల్లీమీటర్లు, వెడల్పు 2 మిల్లీమీటర్లు. బియ్యపు గింజను కాస్త సాగదీసి బల్ల మీద నొక్కినట్టుంటుంది. ఒంటి వెడల్పుతో పోలిస్తే పొడుగన్నమాట.

రంగు దగ్గరే చిక్కంతా. జావాలో దొరికేవి ఎర్రటి గోధుమరంగులో ఉంటాయి. సోలమన్ దీవుల్లోవి దాదాపు నలుపు. చాలాచోట్ల మెడ భాగం నారింజ ఎరుపు, రెక్కల పెంకు నలుపు. దీంతో ఒక్కో దీవిలో పట్టుకున్న పండితుడు ఒక్కో కొత్త పేరు పెట్టుకుంటూ పోయాడు. అవన్నీ ఒకే జాతి అని తేలడానికి చాలా ఏళ్లు పట్టింది. కాబట్టి ఫోన్‌లో ఒక ఫొటో చూసి, రంగు కలవలేదు గనక మన పురుగు అది కాదు అనుకోవద్దు.

అక్కడితో అయిపోలేదు. జపాన్ పరిశోధకులు వేర్వేరు దేశాల పురుగుల డీఎన్ఏ పరీక్షించి, 2011లో ఇంకో సంగతి బయటపెట్టారు. పైకి ఒకటిగా కనిపించే ఈ పురుగులో రెండు వేరు తెగలున్నాయి. ఒకటి ఆసియా తెగ, రెండోది పసిఫిక్ తెగ. ఈ కాలంలో కొత్త దేశాలకు పాకిన పురుగులు ఎక్కువగా ఆసియా తెగవి. రెండూ అసలు వేర్వేరు జాతులే కావచ్చన్న మాట కూడా ఉంది. ఒకప్పుడు పది పేర్లు కలిపి ఒకటి చేశారు, ఇప్పుడు ఆ ఒకటి మళ్లీ రెండయ్యేట్టుంది!

కంటితో పోల్చుకోవడం

ముందు చెట్టును దూరం నుంచి చూడాలి. నడినెత్తి మాడి, చుట్టూ పచ్చగా ఉంటే అనుమానించాలి. తర్వాత కొత్తగా విచ్చిన ఆకు చేత్తో పట్టుకుని చూడాలి. ఈనెకు సమాంతరంగా సన్నని గోధుమరంగు చారలుంటాయి. చారలు కలిసిపోయిన చోట ఆకు ముడుచుకుని ఎండిపోతుంది.

అసలు సాక్ష్యం మాత్రం మొవ్వులోనే. ఈ పురుగుకు వెలుతురు గిట్టదు. తల్లి పురుగు, పిల్లపురుగు రెండూ విచ్చుకోని ఆకు మడతల్లోనే తింటాయి. గుడ్లు గోధుమరంగులో బల్లపరుపుగా ఉంటాయి. ఒకటిగానో, మూడు నాలుగు కలిపో ఆ మడతల్లోనే పెడుతుంది. నాలుగైదు రోజుల్లో పొదుగుతాయి. పిల్లపురుగు మీగడ తెలుపు. దాని తోక వైపు చూడండి, లోపలికి వంగిన రెండు కొక్కేలు పటకారులా కనిపిస్తాయి. ఇది మంచి గుర్తు. నెలా, నెలా పది రోజులు తిని, వారం లోపు ప్యూపాగా ఉండి, పెంకు పురుగై బయటికొస్తుంది. ఆ తర్వాత ఆరు నెలలకు పైగా బతుకుతుంది. ఆడది వందకు పైగా గుడ్లు పెడుతుంది. అంటే ఒక్క మొవ్వులో తాత, తండ్రి, మనవడు ఒకే పంక్తిలో భోజనం చేస్తుంటారు.

కొబ్బరి చెట్టుకు పెరిగే చోటు అదొక్కటే. కొమ్మలుండవు, పక్క చిగుళ్లుండవు. వచ్చిన ప్రతి ఆకూ పుట్టకముందే మాడిపోతుంటే కాయలు రాలతాయి, కాపు పడిపోతుంది. లేత మొక్క అయితే చచ్చిపోతుంది.

వేరే పురుగులతో పొరబడే ప్రమాదం ఉంది. విచ్చిన ఆకు కత్తెరతో కోసినట్టు త్రికోణంగా తెగి ఉంటే అది కొమ్ము పురుగు పని. మానుకు కన్నాలు పడి, నమిలిన పీచు, జిగురు కారుతుంటే ఎర్రముక్కు పురుగు. గల్ఫ్‌లో ఖర్జూర తోటల్లో చేసే మనవాళ్లకి ఈ రెండోది బాగా తెలుసు. 1980ల మధ్యలో అక్కడికి చేరిన ఆ పురుగు పుట్టిల్లు మన దక్షిణాసియా, ఆగ్నేయాసియా దేశాలే. మనకన్నా బాగానే స్థిరపడింది!

అసలు తికమక పెట్టేది ఇంకొకటుంది. ప్లెసిస్పా రైకీ అని, మలేషియాలో దీనికి జోడీ లాంటి పురుగు. ఇదీ ఆకు పెంకు పురుగే, ఇదీ రెండు రంగులే, కొబ్బరి లేత ఆకులే తింటుంది. అయితే ఎక్కువగా నారుమడిలోనూ, నాటిన మొదటి మూడు నాలుగేళ్లలోనూ పడుతుంది. బ్రోంటిస్పా లేత మొక్కనీ వదలదు, కాపుకొచ్చిన చెట్టునీ వదలదు. రెంటినీ విడదీసి చెప్పాలంటే భూతద్దం కింద పెట్టగల నిపుణుడు కావాలి. మన పని సీసాలో పట్టి ఇవ్వడం, పక్కన నాణెం పెట్టి ఫొటో తీయడం వరకే. తోకతో సహా పిల్లపురుగుని కూడా ఇస్తే వాళ్ల పని సులువవుతుంది.

రెక్కల మీద కాదు, ఓడల మీద

ఈ పురుగు పెద్దగా ఎగరలేదు. మరి ఇండోనేషియా, పాపువా న్యూగినీల నుంచి ఇన్ని దేశాలకు ఎలా పోయింది? మొక్కలతో పాటు మనుషులే మోసుకెళ్లారు. 1970ల్లో తైవాన్ చేరింది. 1999లో వియత్నాంలోని మెకాంగ్ డెల్టాలో బయటపడింది, లక్షల చెట్లు దెబ్బతిన్నాయి. 2002లో చైనా హైనాన్ దీవి, 2004 నాటికి థాయ్‌లాండ్, 2005లో ఫిలిప్పీన్స్. మాల్దీవులకు 1999 ప్రాంతంలో ఓ రిసార్టు అందం కోసం మలేషియా, ఇండోనేషియాల నుంచి తెప్పించిన పామ్ మొక్కలతో వచ్చింది. కొబ్బరి చెట్టే జాతీయ వృక్షమైన దేశానికి, అలంకరణ మొక్క ముసుగులో కొబ్బరి పురుగు!

ఆ మాల్దీవుల ఉత్తరపు కొస నుంచి మన లక్షద్వీప్‌లోని మినికాయ్ దీవి 130 కిలోమీటర్ల దూరం. కాకినాడ నుంచి విశాఖపట్నం పోయినంత కూడా కాదు.

మొదట అన్ని దేశాలూ మందులే కొట్టాయి. కానీ మందు మొవ్వు మడతల్లోకి దిగాలి, అరవై అడుగుల చెట్టెక్కి ఎవరు పోస్తారు? పోసినా మళ్లీ మళ్లీ పోయాలి. ఆ మందు పీల్చేదీ మనలాంటి కూలీలే. చివరికి పనికొచ్చింది ఒక బుల్లి కందిరీగ. పేరు అసెకోడెస్ హిస్పినారం. ఒక మిల్లీమీటరు కూడా ఉండదు. పిల్లపురుగు ఒంట్లో గుడ్లు పెడుతుంది. దాని పిల్లలు లోపల్నుంచి తినేస్తే పిల్లపురుగు ఎండి గట్టిపడిపోతుంది, అందులోంచి పదుల సంఖ్యలో కొత్త కందిరీగలొస్తాయి. ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ సాయంతో 2003లో సమోవా దీవుల నుంచి దీన్ని వియత్నాం తెచ్చారు. అక్కడ ఫలితం చూసి 2004లో మాల్దీవులకు, థాయ్‌లాండ్‌కు కూడా పంపారు. ప్యూపాల మీద పడే ఇంకో రకం కందిరీగ ఉంది, టెట్రాస్టికస్. దాన్ని ఇండోనేషియాలో 1930ల్లోనే వాడారు.

మొవ్వు విప్పినప్పుడు ఎండి బిగుసుకుపోయిన పిల్లపురుగులు కనిపిస్తే వాటిని తగలబెట్టకండి. అందులో మన కాపలాదారు ఉండొచ్చు. మందు కొట్టమంటే గ్లౌజులు, మాస్కు అడిగి తీసుకోండి, కందిరీగలు వదిలిన తోటలో అయితే ముందు ఆ సంగతి పైవాళ్లకు చెప్పండి. మా నర్సరీలో తొట్ల మొక్కలే కాబట్టి పాడైన మొవ్వులు కోసి కాల్చేశాం, కోలుకోనివి పీకేశాం. సగానికి సగం నిలబడ్డాయి.

గంగబోండం ఉందిగా

మలేషియాలో కొబ్బరితో తెలుగువాళ్ల సంబంధం ఈనాటిది కాదు. పెరాక్ రాష్ట్రంలో బగాన్ దాతుక్ వైపు కొబ్బరి ఎస్టేట్లలో శ్రీకాకుళం, విశాఖ జిల్లాల నుంచి వెళ్లిన కుటుంబాలు తరాల క్రితమే స్థిరపడ్డాయి. ఇక్కడి పొట్టి కొబ్బరి రకాలు చూస్తే గోదావరి మనిషికి చేతులు ఊరుకోవు. మా బాబాయ్‌కీ అంతే. అదే ఏడాది దసరాకు ఇంటికెళ్తూ ఒక మొలక, ఇంకో ఎర్రకాడ పామ్ పిలక బ్యాగులో సర్దుకున్నాడు. ‘‘ఒక్క మొక్కేగా, ఏమవుద్ది?’’ అన్నాడు.

ఏమవుతుందో కోనసీమకు తెలియనిది కాదు. 1998లో కేరళలో బయటపడ్డ నల్లి కొన్నేళ్లలోనే మన కాయల మీదకొచ్చింది. 2016లో తమిళనాడు పొల్లాచ్చి వైపు కనిపించిన సర్పిలాకార తెల్లదోమ గోదావరి జిల్లాల తోటల్లో ఆకులన్నీ నల్ల మసి పట్టించింది. ఆ దోమ పుట్టింది అమెరికా ఖండంలో. దానికి మిత్రపురుగులు పెంచి ఇవ్వడానికి అంబాజీపేట పరిశోధన కేంద్రం వాళ్లు ఇప్పటికీ అవస్థ పడుతున్నారు. ఈ పెంకు పురుగు కూడా తోడైతే రైతు ఎక్కడికి పోతాడు?

చట్టం సంగతీ తెలిసుండాలి. 2003 నాటి మొక్కల క్వారంటైన్ ఉత్తర్వు ప్రకారం విదేశాల నుంచి మొక్క తేవాలంటే ముందే అనుమతి పత్రం, ఆ దేశం ఇచ్చే ఆరోగ్య ధ్రువపత్రం కావాలి. లేకుండా పట్టుబడితే విమానాశ్రయంలోనే తీసేసుకుంటారు.

ఆ రాత్రి బాబాయ్‌తో ఇదంతా చెప్పాం. చాలాసేపు పలక్కుండా కూర్చున్నాడు. తర్వాత లేచి, చాకు తీసుకుని ఆ మొలక మొవ్వు విప్పి చూశాడు. పురుగేమీ లేదు. పామ్ పిలకదీ విప్పాడు. రెండో మడతలో గోధుమరంగు చార ఒకటి, దాని పక్కనే గుడ్డు.

‘‘మన గంగబోండం ఉందిగా’’ అని రెండిటినీ తీసుకెళ్లి నర్సరీ వెనకున్న మంటలో పడేశాడు. ఆ ఖాళీలో మనవరాలికి ఇంకో రెండు చాక్లెట్ డబ్బాలు పట్టాయి.