పదేళ్లు చాలన్న పెద్దమనిషి

మన పాత దానశాసనాల్లో ‘ఆచంద్రతారార్కం’ అనే మాట తరచూ కనిపిస్తుంది. సూర్యచంద్రులు, నక్షత్రాలు ఉన్నంతకాలం ఈ భూమి నీదీ నీ సంతానానిదీ అని రాజుగారి హామీ. ఇంగ్లండు రాజు ఇచ్చే బిరుదుల్లో అంత దూరం చూడరు. సాధారణంగా ఆ బిరుదు పొందిన వ్యక్తికి పుట్టిన మగ సంతానానికి, వారి మగ సంతానానికి చెందుతుందని మాత్రమే రాస్తారు. మగ వారసుడు లేని రోజున బిరుదు అంతరిస్తుంది. కూతుళ్లకు రాదు, దత్తపుత్రుడికీ రాదు.

షోర్ అనే కుటుంబానికి అలాంటి బిరుదులు రెండు ఉండేవి. రెండూ జాన్ షోర్‌తో మొదలయ్యాయి. 1751లో పుట్టిన ఈయన పదిహేడేళ్ల ప్రాయంలో ఈస్టిండియా కంపెనీ గుమాస్తాగా కలకత్తాలో దిగాడు. పార్సీ నేర్చాడు. భూమిశిస్తు లెక్కల్లో ఆరితేరాడు. 1792లో ఆయనకు బారొనెట్ బిరుదు వచ్చింది. అంటే పేరుకు ముందు ‘సర్’, అదీ తరతరాలకు. 1793లో గవర్నర్ జనరల్ అయ్యాడు. ఆ పదవి ముగిసే రోజుల్లో లార్డ్ టీన్‌మౌత్ అయ్యాడు. 1795లో ఖర్దా దగ్గర మరాఠాలు నిజాం అలీఖాన్‌ను ఓడిస్తుంటే కంపెనీ సైన్యాన్ని కదపకుండా ఊరుకున్నది ఈయనే. హైదరాబాద్ ఆ సంగతి చాలాకాలం మరచిపోలేదు.

అయితే మమ్మల్ని ఆలోచనలో పడేసింది ఆయన జీవితంలోని మరో సంగతి. 1789లో బెంగాల్ జమీందార్ల శిస్తును ఎప్పటికీ మారకుండా శాశ్వతంగా ఖాయం చేయాలని కారన్‌వాలీసు పట్టుబట్టాడు. వద్దన్నది షోర్. ముందు పదేళ్లకు చేద్దాం, రైతుల హక్కులేమిటో మనకే సరిగ్గా తెలియనప్పుడు శాశ్వతం అని రాసి చేతులు కట్టేసుకోవడం ఎందుకని ఆయన వాదన. ఆ మాట చెల్లలేదు. 1793లో శాశ్వతమనే ప్రకటించారు. 1802లో అదే పద్ధతి మన ఉత్తర సర్కార్లకూ వచ్చింది. ఇక్కడి జమీందార్లు శాశ్వత సనదులు అందుకున్నారు. 1948 నాటి మద్రాసు చట్టంతో ఆ ఎస్టేట్లు రద్దయ్యాయి. శాశ్వతం నూటయాభై ఏళ్లు కూడా నిలవలేదు!

శాశ్వతం అనే మాటకు అంతగా జంకిన మనిషికే రాజుగారు తరతరాల బిరుదులు ఇవ్వడం విచిత్రం కాదూ? ఆయన వద్దనలేదు. మనమైనా వద్దంటామా? 1981లో ఏడవ లార్డ్ టీన్‌మౌత్ మరణించాడు. మగ వారసుడు లేడు. రెండు బిరుదులూ ఒకేసారి ముగిశాయి.

ఇది చదివి ఇంగ్లీషువాళ్ల గొడవ మనకెందుకు అనుకోనక్కర్లేదు. కొడుకు లేకపోతే వంశం ఆగిపోయిందనే మాట మన ఇళ్లలో ఇంకా వినిపిస్తూనే ఉంది. మగబిడ్డ కోసం ప్రార్థించండని చీటీ రాసి పంపే కుటుంబాలు మన సంఘాల్లోనూ ఉన్నాయి. పక్కనే ఇద్దరు ఆడపిల్లలు కూర్చుని ఆ చీటీ చదవడం వింటుంటారు. సంఖ్యాకాండంలో సెలోపెహాదు కుమార్తెలు ఐదుగురూ మోషే ఎదుట నిలబడి అడిగింది ఈ విషయమే. కొడుకులు లేనంత మాత్రాన మా తండ్రి పేరు ఎందుకు మాసిపోవాలన్నారు. వాళ్లు అడిగింది న్యాయమేనని దేవుడే చెప్పాడు, స్వాస్థ్యం ఇమ్మన్నాడు. షోర్ కుటుంబపు బిరుదుల్లో కుమార్తెలకు ఆ అవకాశం లేదు.

పైగా కొడుకులంటే బిరుదు మోసేవాళ్లే అనుకోవడం పొరపాటు. జాన్ షోర్ చిన్న కొడుకు ఫ్రెడరిక్‌కు లార్డ్ బిరుదు రాలేదు. ఉత్తరాదిన కంపెనీ న్యాయాధికారిగా పనిచేసి, తన దొరతనం ఈ దేశాన్ని అన్నివిధాలా ఇంగ్లండు లాభానికే వాడుకుంటోందని 1837లో పుస్తకం అచ్చువేశాడు. అదే ఏడాది కన్నుమూశాడు. దాదాభాయి నౌరోజీ తర్వాత కాలంలో ఆ మాటలను సాక్ష్యంగా చూపించాడు. తండ్రి గవర్నర్ జనరల్‌గా ఏలిన రాజ్యం గురించి కొడుకు చెప్పిన సాక్ష్యం అది.

ఇండియా నుంచి వెళ్లాక జాన్ షోర్ లండన్ దగ్గర క్లాపమ్‌లో స్థిరపడ్డాడు. బానిస వ్యాపారం మీద పోరాడిన విల్బర్‌ఫోర్స్ అక్కడి సహవాసంలో వాడే. 1804 మార్చి 7న బ్రిటిష్ అండ్ ఫారిన్ బైబిల్ సొసైటీ పుట్టింది. బైబిల్ కోసం మైళ్ల దూరం నడిచి వెళ్లిన మేరీ జోన్స్ కథ మన సండే స్కూలు పిల్లలకు తెలుసు. వేల్స్‌లో ఒక నేతపనివాడి కూతురు ఆమె. ఆమె కథ సొసైటీ పుట్టుకకు ఒక ప్రేరణ అంటారు. ఆ సొసైటీ మొదటి అధ్యక్షుడు లార్డ్ టీన్‌మౌత్. ముప్పై ఏళ్లు, చనిపోయేదాకా ఆ కుర్చీలోనే ఉన్నాడు. 1818లో తెలుగు కొత్త నిబంధన అచ్చయిన నాటికి అధ్యక్షుడు ఆయనే.

ఆ కుర్చీ వంశపారంపర్యం కాదు. 1834లో ఆయన పోయాక పెద్దకొడుక్కి లార్డ్ బిరుదు దక్కింది గాని అధ్యక్ష పదవి దక్కలేదు. సొసైటీ వారు లార్డ్ బెక్స్‌లీని ఎన్నుకున్నారు. ఈయన గతంలో ఇంగ్లండుకు ఆర్థికమంత్రి. పిల్లలు లేరు. 1851లో ఆయనతోనే ఆ బిరుదూ పోయింది. అదే ఏడాది బైబిల్ సొసైటీకి మూడవ అధ్యక్షుడుగా లార్డ్ షాఫ్ట్స్‌బరీ వచ్చాడు.