పరీక్షలన్నీ బాగున్నా ఒళ్ళంతా నొప్పులేనా?



మా ఓ.పి.కి వచ్చే తల్లులలో కొందరు లావుపాటి ఫైలు ఒకటి చంకన పెట్టుకొని వస్తారు. అందులో ఎక్స్‌రేలు, రక్తపరీక్షలు, కొందరికైతే స్కానింగు రిపోర్టులు కూడా ఉంటాయి. అన్నిటిలోనూ "నార్మల్" అనే రాసి ఉంటుంది. ఒళ్ళు మాత్రం అలా లేదు. మెడ, భుజాలు, నడుము, తొడలు, పిక్కలు, ఎక్కడ చెయ్యి వేసినా నొప్పే. రాత్రంతా పడుకున్నా తెల్లారి లేచేసరికి రోలు మోసినంత అలసట. "ఏ జబ్బూ లేదన్నారు సిస్టర్, ఇంట్లోవాళ్ళేమో నాటకాలంటున్నారు" అని కళ్ళు తుడుచుకుంటారు. ఈ వ్యాసం వారి కోసం, ఇంకా ముఖ్యంగా వారి ఇంటివారి కోసం రాస్తున్నాము.

ఇది ఏ జబ్బు?

ఇలా వచ్చేవారిలో కొందరికి ఉన్నది ఫైబ్రోమయాల్జియా. నూటికి ఇద్దరి నుండి నలుగురి వరకు ఇది ఉంటుందని అంచనా. స్త్రీలలో ఎక్కువగా కనిపిస్తుంది, పురుషులకూ వస్తుంది. ఇందులో కీళ్ళు అరిగిపోవు, ప్రాణానికి ముప్పు రాదు. నొప్పిని తెలియజేసే నరాలు, మెదడు అవసరానికి మించి స్పందిస్తాయి. చర్చిలో మైకు సౌండు ఎక్కువగా పెడితే మెల్లగా మాట్లాడినా చెవులు గింగురుమంటాయి కదా, అటువంటిదే ఇది. అందుకే ఎక్స్‌రేలో కనిపించదు, రక్తపరీక్షలో దొరకదు.

ఒకప్పుడు, అంటే 1990 నాటి పద్ధతి ప్రకారం, ఒంటి మీద 18 చోట్ల నొక్కి చూసి 11 చోట్ల నొప్పి ఉంటే ఈ జబ్బు అనేవారు. 2010లో పద్ధతి మారింది. 3 నెలలకు తగ్గకుండా ఒంట్లో పలుచోట్ల నొప్పి, అలసట, తీరని నిద్ర, మతిమరుపు ఉన్నాయా అని డాక్టరుగారు అడిగి తెలుసుకొని నిర్ణయిస్తారు. 2022 నుండి అమలులో ఉన్న ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల పట్టికలో దీర్ఘకాలపు నొప్పిని దానికదే ఒక జబ్బుగా చేర్చారు. ఫైబ్రోమయాల్జియా అందులోకే వస్తుంది. కనుక దీనిని నాటకమనీ, బద్ధకమనీ అనవద్దు.

ముందు చూపించుకోవలసినవి

థైరాయిడ్ తగ్గినా, రక్తం తక్కువైనా, డి విటమిన్ లేదా బి12 లోపించినా ఒళ్ళునొప్పులు, నీరసం వస్తాయి. వీటికి మందు ఉంది కనుక ముందుగా ఇవి చూపించుకోవాలి. పాలు, గుడ్లు, మాంసం సరిగా తీసుకోనివారికీ, షుగరుకు మెట్‌ఫార్మిన్ ఏళ్ళ తరబడి వాడేవారికీ బి12 తగ్గే అవకాశం ఎక్కువ. అలాగని డి విటమిన్ మాత్రలు ఇష్టం వచ్చినట్లు మింగరాదు. ఎక్కువైతే హాని చేస్తుంది.

జ్వరం, కారణం లేకుండా బరువు తగ్గడం, కీళ్ళు వాచి ఎర్రబడడం, కాలు చెయ్యి బలం తగ్గడం ఉంటే అది వేరే జబ్బు కావచ్చు. ఆలస్యం చేయకుండా రండి.

నొప్పి మాత్రలు, సూదిమందులు

నిద్రకు, నొప్పికి డాక్టరుగారు రాసే కొన్ని మందులు కొందరికి ఉపయోగపడతాయి. వాటిని మీ అంతట మీరు ఒక్కసారిగా ఆపకండి. షాపులో అడిగి కొనుక్కునే డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ వంటివి ఈ జబ్బుకు పెద్దగా పనిచేయవు. రోజూ మింగితే కడుపులో పుండ్లు పడతాయి, కిడ్నీలు దెబ్బతింటాయి. వేయగానే ఒళ్ళు తేలికయ్యే పేరు తెలియని సూదిమందులలో, పొడులలో స్టెరాయిడ్ ఉండవచ్చు. మాటిమాటికీ వాడితే ముఖం ఉబ్బుతుంది, షుగరు పెరుగుతుంది, ఎముకలు గుల్లబారతాయి.

ఏమి తినాలి?

ఈ జబ్బును పోగొట్టే పథ్యం ఫలానా అని ఇంతవరకు రుజువు కాలేదు. డబ్బాలలో అమ్మే ఖరీదైన పొడులకు అప్పు చేయకండి. అయితే మంచి తిండి వలన ఒంటికి బలం వస్తుంది, బరువు అదుపులో ఉంటుంది, మలబద్ధకం తగ్గుతుంది. బరువు ఎక్కువగా ఉన్నవారు కొంత తగ్గినా నొప్పి తేలికపడుతుంది.

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన సూచనల ప్రకారం రోజుకు 2000 క్యాలరీలు తినే మనిషికి బియ్యం, గోధుమ, జొన్న వంటివి అన్నీ కలిపి 250 గ్రాములు, కూరగాయలు, ఆకుకూరలు 400 గ్రాములు, పండ్లు 100 గ్రాములు, పప్పులు 85 గ్రాములు కావాలి. మాంసాహారులు పప్పులో కొంత భాగానికి బదులు గుడ్డు, చేప, మాంసం తీసుకోవచ్చు. మన ఇళ్ళలో జరిగేది దీనికి తలకిందులు. కంచం నిండా అన్నం, పక్కన చెంచాడు కూర. అందరికీ వడ్డించి చివరికి తల్లి తినేది చారు, పచ్చడి మెతుకులు.

• అన్నం ఒక గరిటె తగ్గించి కూర, పప్పు రెండు గరిటెలు పెంచండి.
• తోటకూర, మునగాకు, గోంగూర వారంలో నాలుగు రోజులైనా ఉండాలి.
• ఉదయం టిఫిను మానవద్దు. టీతో పొద్దు గడపవద్దు.
• టీ, కాఫీ సాయంత్రం 4 గంటల తరువాత వద్దు, నిద్ర చెడగొడతాయి. భోజనంతోపాటు టీ తాగితే ఇనుము ఒంటికి పట్టదు.
• ఏదైనా తింటే నొప్పి పెరుగుతోందనిపిస్తే అది ఒక్కటే రెండు వారాలు మాని చూడండి. పాలు, పప్పు, గోధుమ అన్నీ ఒకేసారి మానితే నీరసమే మిగులుతుంది.

షుగరు, కిడ్నీ జబ్బు ఉన్నవారు మా డాక్టరుగారిని అడిగి మార్పులు చేసుకోండి.

కదలికే ముఖ్యమైన మందు

2016లో ఐరోపా నిపుణులు ఈ జబ్బుకున్న చికిత్సలన్నీ పరిశీలించి, గట్టిగా సిఫారసు చేసినది ఒక్కటే. అది వ్యాయామం. నొప్పి ఉన్నవారిని నడవమంటే కోపం వస్తుందని మాకు తెలుసు. అందుకే కొద్దిగా మొదలు పెట్టమంటాము. మొదటి వారం రోజూ 5 నిమిషాలు, చల్లపూట, చదునైన దారిలో. తరువాత వారానికి రెండేసి నిమిషాలు పెంచండి. మొదట్లో కొంచెం నొప్పి పెరగవచ్చు, దానివలన కండరాలకు హాని లేదు. మరీ పెరిగితే నిమిషాలు తగ్గించండి గాని మానవద్దు.

ఒళ్ళు బాగున్న రోజున బట్టలన్నీ ఉతికి, ఇల్లంతా కడిగి, తరువాత మూడు రోజులు మంచాన పడేవారున్నారు. పనిని ముక్కలు చేసుకోండి. 20 నిమిషాలు పని, 5 నిమిషాలు కూర్చోవడం. కూరగాయలు కూర్చొని తరగండి. సాయంత్రం వేడినీళ్ళ స్నానం, కాపడం హాయినిస్తాయి. రోజూ ఒకే వేళకు పడుకొని ఒకే వేళకు లేవండి. పడకమీదకు ఫోను తీసుకువెళ్ళవద్దు.

ఇంటివారికి, సంఘస్థులకు ఒక మనవి

"విశ్వాసం చాలక తగ్గలేదు" అని ఎవరినీ అనకండి. ఆ మాట నొప్పికంటే ఎక్కువ బాధిస్తుంది. ఉపవాస కూడికలకు, రాత్రంతా జరిగే ప్రార్థనలకు రావద్దని మేము చెప్పడం లేదు. కాని ఈ జబ్బు ఉన్నవారికి నిద్ర చెడితే మరునాడు నొప్పి పెరుగుతుంది. వారు వేళకు తిని, కొంతసేపు ఉండి ఇంటికి వెళ్ళినా దేవుడు వారి ప్రార్థన వింటాడు. మోకాళ్ళూనలేనివారికి కుర్చీ వేయండి. షుగరు, బి.పి. మందులు వాడేవారు డాక్టరును అడగకుండా ఉపవాసం ఉండరాదు.

ఏలీయా ప్రవక్త బదరీవృక్షము క్రింద ఇక చాలునని పడిపోయినప్పుడు దేవదూత అతనిని గద్దించలేదు. రొట్టె, నీళ్ళు పెట్టి నిద్రపోనిచ్చి, మళ్ళీ లేపి తినిపించాడు. ఆ తరువాతనే హోరేబుకు నడిచాడు. తిండి, నిద్ర, ఆ తరువాత నడక. ఇంటిలో నొప్పితో ఉన్న తల్లికి ఈ రోజు మీరు ఒక పూట వంట చేసి, సాయంత్రం ఆమెతో కలిసి 5 నిమిషాలు నడవండి. ఆమె నొప్పిని నమ్ముతున్నామని చెప్పడానికి అంతకంటే మంచి మార్గం లేదు.

ప్రభువు మీ గృహములకు స్వస్థతను, నెమ్మదిని అనుగ్రహించును గాక.