సంఘమునకు సాఫ్ట్‌వేరు అమర్చుట: ముందు చేయవలసిన యేర్పాట్లు

ప్రాథమిక వ్యవసాయ పరపతి సంఘముల లెక్కలను కంప్యూటరునకు ఎక్కించు పథకమును కేంద్ర మంత్రివర్గము 2022 జూన్ 29వ తేదీన ఆమోదించెను. మొదట 63,000 సంఘములకు 2,516 కోట్ల రూపాయలు నిర్ణయింపబడినవి. దేశమంతటికి ఒక్కటే సాఫ్ట్‌వేరును ఏర్పరచి, సంఘములను జిల్లా, రాష్ట్ర సహకార బ్యాంకులతో కలుపుట దీని యుద్దేశము. నిర్వహణభారము నాబార్డుది. సాఫ్ట్‌వేరనగా కంప్యూటరు ఏ పనిని ఏ క్రమమున చేయవలెనో తెలుపు ఆజ్ఞల సముదాయము.

రైతు తన సెల్‌ఫోనులో ఒక సాఫ్ట్‌వేరును అమర్చుకొనుట పెరటిలో ఒక మామిడి అంటును నాటుట వంటిది. అది నచ్చనిచో తీసివేయవచ్చును, నష్టము తనకొక్కనికే. సంఘమునకు అమర్చుట పది యెకరముల తోట వేయుట వంటిది. కొలతలు చూచి గుంటలు త్రవ్వక అంట్లు తెచ్చువాడు నూజివీటి ప్రాంతమున నెవడును లేడు. కావున పాలకవర్గమువారు ఈ క్రింది క్రమమును పాటించుట మేలు.

మొదటిది, ఉన్న సాధనముల పట్టిక. కంప్యూటర్లెన్ని, కరెంటు పోయినపుడు ఆధారమేమి, ఇంటర్నెట్టు నిలుచునా యని వ్రాసికొనవలెను.

రెండవది, అధికార విభజన. పద్దు వ్రాయువాడొకడు, దానిని సరిచూచి ఆమోదించువాడు వేరొకడు కావలెను. ఎవరి రహస్యపదము వారియొద్దనే యుండవలెను. ఒకే పదమును అందరు వాడినచో తప్పు ఎవరిదో తేలదు.

మూడవది, పాత లెక్కలు. ఇదియే మిక్కిలి ముఖ్యమైనది. ఒక సభ్యుడు 40,000 రూపాయల అప్పులో 15,000 చెల్లించెననుకొందము. ఆ చెల్లింపు ఖాతాకు ఎక్కనిచో కంప్యూటరు మొత్తము 40,000కును వడ్డీ కట్టును. నూటికి 7 చొప్పున ఏడాదికి 1,050 రూపాయలు అన్యాయముగా ఆ రైతుపై పడును. యంత్రము కూడికలో పొరపడదు. కాని తప్పు పద్దును ఒప్పు చేయజాలదు.

నాల్గవది, కాలనిర్ణయము. లెక్కల సంవత్సరము ఏప్రిల్ 1న మొదలగును గాన ఆ దినమున క్రొత్త పద్ధతిని ఆరంభించుట సులభము. కాని మామిడి కోతలును అప్పుడే వచ్చును. రైతుకు సంఘమునకు వచ్చు తీరిక యుండదు. కావున పాత పద్దుల నెక్కించుట, సిబ్బందికి శిక్షణ, సభ్యులచే సరిచూపించుట ఫాల్గుణమునకు ముందే ముగియవలెను. మార్చి 31 నాటి నిల్వలు మాత్రమే చివరకు మిగులవలెను.

ఐదవది, పరీక్ష. కొన్ని ఖాతాలతో మొదట నడిపి చూడవలెను. పిమ్మట కనీసము మూడు మాసములు చేతివ్రాత పద్దును, కంప్యూటరు పద్దును జంటగా నడిపి, ప్రతి సాయంకాలము రొక్కపు నిల్వను పోల్చవలెను. లెక్కల ప్రతిని వేరొకచోట భద్రపరచి, అవసరమైనపుడు దానినుండి లెక్కలు తిరిగి వచ్చునా యని పరీక్షింపవలెను. పాత పుస్తకములను పారవేయరాదు.

సభ్యుల బాధ్యతయు కలదు. తమ పాసుపుస్తకములను, రశీదులను తెచ్చి, అప్పు, వాటాధనము, డిపాజిట్టు మూడింటిని కంప్యూటరు పట్టికతో పోల్చుకొనవలెను. భేదము కనబడినచో వ్రాతమూలకముగా తెలిపి, అందినట్లు రశీదు పొందవలెను. చదువురాని సభ్యులకు పట్టికను చదివి వినిపించు యేర్పాటును పాలకవర్గమువారు చేయవలెను.