పబ్‌లో మొహమాటం.. బిల్లులో భారం!

మొదటి జీతం పడింది. శుక్రవారం సాయంత్రం టీమంతా గచ్చిబౌలిలోనో జూబ్లీహిల్స్‌లోనో పార్టీ అంటున్నారు. ఎక్కడో జిల్లాలో ఇంజినీరింగ్ పూర్తిచేసి హైదరాబాద్ వచ్చిన మీకు పబ్ అంటే సినిమాల్లో చూసిందే. మెనూ తెరిస్తే ధరలు భయపెడతాయి. అడిగితే పక్కవాళ్లు ఏమనుకుంటారోనని మొహమాటం. బిల్లు రాగానే ఎవరి వాటా వాళ్లు యూపీఐలో కొట్టేసి, బయటికొచ్చాక లెక్కలు వేసుకుంటారు. అప్పుడు వేసుకుని ఏం లాభం?

తాగాలా వద్దా అన్నది మీ ఇష్టం. దాని జోలికి ఇక్కడ వెళ్లడం లేదు. ఫ్రెష్ లైమ్ సోడా తాగి, నాలుగు పాటలు విని వచ్చేసినా మీరు అక్కడ వినియోగదారులే. డబ్బు పెట్టినవాళ్లకు అడిగే హక్కు ఉంటుంది. ఎక్కడ ఏం అడగాలో తెలిస్తే చాలు.

వెళ్లే ముందు: రివ్యూలు ఇలా చదవండి

4.5 రేటింగ్ చూసి టేబుల్ బుక్ చేసేయకండి. రివ్యూలను ‘కొత్తవి ముందు’ అని అమర్చుకుని, రెండు, మూడు స్టార్లు ఇచ్చినవాళ్లు ఏం రాశారో చూడండి. ఐదు స్టార్లలో పొగడ్త, ఒక్క స్టార్‌లో కోపం ఎక్కువ. మధ్యలో ఉన్నవాళ్లే వివరం రాస్తారు. ‘కవర్ ఛార్జ్’, ‘సర్వీస్ ఛార్జ్’, ‘బౌన్సర్’ అన్న మాటలు మళ్లీ మళ్లీ కనిపిస్తే అది ఒక్కరి సమస్య కాదని అర్థం. ఒకే వారంలో, ఒకే వెయిటర్ పేరుతో, రెండు ముక్కల్లో ఐదు స్టార్లు వరసగా ఉంటే అవి టేబుల్ దగ్గర అడిగి రాయించినవి కావచ్చు. కస్టమర్లు పెట్టిన మెనూ ఫొటోలు కూడా చూడండి. అవి ఎప్పటివో తేదీ గమనించండి.

లైవ్ బ్యాండ్ కోసమైతే ప్రోగ్రాం ఎన్నింటికి మొదలవుతుందో ముందే కనుక్కోండి. శబ్ద కాలుష్య నిబంధనలు (2000) రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా ఆరుబయట లౌడ్‌స్పీకర్లకు అడ్డుకట్ట వేస్తాయి. జూబ్లీహిల్స్ పబ్‌లలో రాత్రి 10 తర్వాత మ్యూజిక్‌పై తెలంగాణ హైకోర్టు 2022లో ఆంక్షలు పెట్టింది కూడా. ఓపెన్ ఎయిర్ వేదికపై 9 గంటలకు మొదలయ్యే షోకు టికెట్ కొంటే మీకు దక్కేది ఎంతసేపో మీరే లెక్కేసుకోండి.

గేటు దగ్గర: కార్డు, కవర్ ఛార్జ్

తెలంగాణ, ఆంధ్రప్రదేశ్‌లలో మద్యానికి కనీస వయసు 21 ఏళ్లు. గోవాలో 18, దిల్లీలో 25. వయసు రుజువుకు ఆధార్ చూపిస్తే మాస్క్‌డ్ ఆధార్ చూపండి. అందులో చివరి నాలుగు అంకెలే కనిపిస్తాయి. యూఐడీఏఐ సైట్‌లో ఉచితంగా దొరుకుతుంది.

ఇక కవర్ ఛార్జ్. ఇది రెండు రకాలు. ఒకటి, బిల్లులో తగ్గించేది. రెండోది, కేవలం లోపలికి వెళ్లడానికి కట్టేది, తిరిగి రాదు. గేటు దగ్గర రెండూ ఒకేలా వినిపిస్తాయి. కాబట్టి డబ్బు కట్టకముందే రెండు ప్రశ్నలు వేయండి: ‘ఇది బిల్లులో తగ్గుతుందా? ఎన్ని గంటల వరకు వాడుకోవచ్చు?’

డ్రెస్ కోడ్ పెట్టుకునే వీలు వాళ్లకుంది. కానీ కులం, మతం, పుట్టిన ప్రాంతం కారణంగా రెస్టారెంట్లు, వినోద స్థలాల్లోకి రానివ్వకపోవడాన్ని రాజ్యాంగంలోని 15(2) అధికరణం ఒప్పుకోదు. ‘రైట్ ఆఫ్ అడ్మిషన్ రిజర్వ్‌డ్’ అన్న బోర్డు దానికంటే పెద్దది కాదు.

బిల్లు చేతికొచ్చాక: గీత గీతా చదవండి

అసలు కథ ఇక్కడే. అయిదుగురు వెళ్లారనుకుందాం. తిండి, మాక్‌టెయిల్స్ కలిపి రూ.2,400. బీర్లకు రూ.1,600. మొత్తం రూ.4,000. కింద ఏమేం కలుస్తాయో చూడండి.

జీఎస్టీ: మద్యం జీఎస్టీ పరిధిలో లేదు. దానిపై పన్ను రాష్ట్రాలది. అంటే రెస్టారెంట్లకుండే 5 శాతం జీఎస్టీ రూ.2,400 మీదే పడాలి. అది రూ.120. మొత్తం నాలుగు వేల మీద వేసి రూ.200 చేశారంటే రూ.80 ఎక్కువ తీసుకున్నట్టే. గది అద్దె రూ.7,500 దాటే పెద్ద హోటళ్లలోని రెస్టారెంట్లలో జీఎస్టీ 18 శాతం ఉంటుంది. అక్కడ తేడా ఇంకా పెరుగుతుంది.

సర్వీస్ ఛార్జ్: 10 శాతం అంటే ఇక్కడ రూ.400. ఇది ప్రభుత్వ పన్ను కాదు, టిప్‌కు మరో పేరు. బిల్లులో దానంతటదే కలపకూడదని, కట్టాలని బలవంతం చేయకూడదని కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ (సీసీపీఏ) 2022 జులైలో మార్గదర్శకాలిచ్చింది. రెస్టారెంట్ల సంఘాలు కోర్టుకెళ్లాయి. 2025 మార్చిలో దిల్లీ హైకోర్టు ఆ మార్గదర్శకాలను సమర్థించింది. సర్వీస్ నచ్చితే టిప్ ఇవ్వండి, అది మీ ఇష్టం. నచ్చకపోతే, ‘సర్వీస్ ఛార్జ్ తీసేసి బిల్లు మళ్లీ ఇవ్వండి’ అని మామూలుగా చెప్పండి. చాలాచోట్ల అంతటితో తీసేస్తారు. గొంతు పెంచాల్సిన పని లేదు.

ఇంకో మాట. వాటర్ బాటిల్‌కు ఎంఆర్‌పీ కంటే ఎక్కువ వేశారని గొడవకు దిగకండి. హోటళ్లు, రెస్టారెంట్లు అలా అమ్మవచ్చని సుప్రీంకోర్టు 2017లోనే చెప్పింది. మెనూలో ధర చూసుకోవడం మన బాధ్యత. మామూలు మంచినీళ్లు కావాలని అడిగితే పోయేదేం లేదు.

డేటింగ్ యాప్ పిలుపైతే..

కుర్రాళ్లూ, ఇది మీకోసం. యాప్‌లో పరిచయం. రెండో రోజే కలుద్దామంటుంది. ఫలానా పబ్ అని చోటు కూడా తనే చెబుతుంది. లోపల మెనూ మీ చేతికి రాకుండానే ఖరీదైన డ్రింక్స్ వచ్చేస్తాయి. కాసేపటికి ఫోన్ వచ్చిందంటూ ఆమె లేచి వెళ్తుంది, మళ్లీ రాదు. బిల్లు వేలల్లో ఉంటుంది. పక్కన బౌన్సర్లు నిలబడతారు. 2024లో హైదరాబాద్‌లోనూ పోలీసులు ఇలాంటి ముఠాను పట్టుకున్నారు. పరువు పోతుందని బాధితులు నోరు విప్పరు. ముఠాలకు పెట్టుబడి ఆ సిగ్గే.

చోటు మీరు ఎంచుకోండి. ధర చూడకుండా ఏదీ ఆర్డర్ చేయనివ్వకండి. బెదిరిస్తే అక్కడి నుంచే 112కు ఫోన్ చేయండి. డబ్బు కట్టక తప్పని పరిస్థితి వస్తే నగదు వద్దు, కార్డో యూపీఐనో వాడండి. ఎవరి ఖాతాకు వెళ్లిందో ఆధారం మిగులుతుంది. బ్యాంక్ యాప్‌లో కార్డుకు రోజువారీ పరిమితి పెట్టుకుంటే నష్టం కూడా అక్కడే ఆగుతుంది.

చెవులు, దారులు

లోపలికి వెళ్లగానే బయటికి వెళ్లే రెండో దారి ఎక్కడుందో చూసుకోండి. 2017 డిసెంబరులో ముంబయి కమలా మిల్స్‌లోని రూఫ్‌టాప్ పబ్‌లలో మంటలు చెలరేగి 14 మంది చనిపోయారు. స్పీకర్ల పక్కన నిలబడకండి. 85 డెసిబెల్స్‌ను ఎనిమిది గంటలు తట్టుకునే చెవి, 100 డెసిబెల్స్ దగ్గర పావుగంటకే ప్రమాదంలో పడుతుంది. ఇయర్‌ప్లగ్స్ జేబులో ఉంటే మంచిదే.

తాగితే బండి ముట్టకండి. 100 మిల్లీలీటర్ల రక్తంలో ఆల్కహాల్ 30 మిల్లీగ్రాములు దాటితే మొదటిసారే రూ.10,000 వరకు జరిమానా, ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ. అమెరికా వీసా ఫారంలో అరెస్టులు, శిక్షల గురించి ప్రత్యేకంగా అడుగుతారని గుర్తుంచుకోండి. క్యాబ్‌కయ్యే మూడొందల కోసం చూసుకుంటే ఎంఎస్ కలకే ఎసరు రావచ్చు.

గొడవ వద్దు, ఆధారం ముఖ్యం

అడిగినా వినలేదా? కట్టేసి, బిల్లు, మెనూ, పేమెంట్ స్క్రీన్‌షాట్ దాచుకోండి. మరుసటి రోజు నేషనల్ కన్స్యూమర్ హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి. అక్కడా తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లవచ్చు. ఈ-జాగృతి పోర్టల్‌లో ఆన్‌లైన్‌లోనే ఫిర్యాదు చేయవచ్చు. రూ.5 లక్షల లోపు లావాదేవీలకు ఫీజు లేదు. రెండేళ్లలోపు వేస్తే సరి. లాయర్ తప్పనిసరి కాదు.

నాలుగొందలకు ఇంత అవసరమా అనిపిస్తుంది. రేపు ఆఫర్ లెటర్‌లో బాండ్ గురించి, సీటీసీలో కోతల గురించి అడగాల్సింది కూడా మీరే. ఆ పని ఈ బిల్లుతోనే మొదలుపెట్టండి.