మందార మీద వాలేది హమ్మింగ్ బర్డ్ కాదు



పెరట్లో మందార చెట్టో, అరటి చెట్టో ఉన్నవారికి ఈ పిట్ట పరిచయమే. బొటనవేలంత ఉంటుంది. మెడ మీద రంగు ఎండలో నిగనిగలాడుతుంది. వంకర ముక్కును పువ్వులో దూర్చి తేనె లాగుతుంది. పిల్లలు దాన్ని చూసి హమ్మింగ్ బర్డ్ అంటారు. కాదండీ. హోసూరులో చూసినా, బరంపురంలో చూసినా, యానాంలో చూసినా అది తేనెపిట్టే. హమ్మింగ్ బర్డులు ఈనాడు అమెరికా ఖండాల్లోనూ, ఆ పక్క ద్వీపాల్లోనూ తప్ప ఇంకెక్కడా లేవు. ఈ రెండింటికీ చుట్టరికం లేదు, వృత్తి ఒకటే. మన తేనెపిట్ట సాధారణంగా కొమ్మ పట్టుకుని తాగుతుంది. హమ్మింగ్ బర్డ్ గాలిలోనే నిలబడి తాగుతుంది, వెనక్కి కూడా ఎగురుతుంది. చిత్రమేమంటే, సుమారు మూడు కోట్ల ఏళ్ల కిందటి హమ్మింగ్ బర్డ్ శిలాజాలు జర్మనీలో దొరికాయని 2004లో తెలిసింది. ఒకప్పుడు ఇవి ఇటు పక్కా ఉండేవన్నమాట.

వీటిలో దాదాపు 360 జాతులున్నాయి. క్యూబాలో ఉండే అతి చిన్నదాని బరువు రెండు గ్రాములు. మన పాత పావలా బిళ్ళ అంతకన్నా బరువు. ఉత్తరాన అలాస్కా నుంచి దక్షిణాన తియెర్రా దెల్ ఫ్యూగో దాకా ఇవి కనిపిస్తాయి. కానీ అంతటా సమంగా లేవు. అమెరికా సంయుక్త రాష్ట్రాలు, కెనడా రెండూ కలిపినా ఏటా గూడు కట్టేవి ఇరవై జాతుల లోపే. భూమధ్యరేఖ మీదున్న ఈక్వడార్ దేశం సుమారు మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ అంత ఉంటుంది. అక్కడ మాత్రం 130 దాకా జాతులున్నాయి!

ఉష్ణమండలం కదా, ఏడాది పొడుగునా పూలుంటాయి, అందుకే అనుకుంటాం. అది సగం కారణమే. అమెజాన్ మైదానపు అడవి కూడా వెచ్చనిదే, అక్కడ ఇన్ని జాతులు లేవు. అసలు కారణం ఆండీస్ పర్వతాలు. అక్కడ కొండ ఎక్కేకొద్దీ చలి మారుతుంది, పూలూ మారుతాయి. ఒక లోయలోని పిట్టలు పక్క లోయకు పోలేక, తరతరాలుగా వేరుపడి, వేరే జాతులయ్యాయి. పువ్వును బట్టి ముక్కు కూడా మారింది. కత్తిముక్కు పిట్ట అనదగినది ఒకటుంది. తోక వదిలేస్తే, దాని ముక్కు ఒంటికన్నా పొడవు! పొడవాటి గొట్టంలాంటి పూలలో తేనె అందుకోవాలంటే అంత ముక్కు ఉండాలి మరి.

ఎత్తుకు పోయినకొద్దీ రాత్రి చలికి తట్టుకోవడం కష్టం. అందుకని ఇవి ఒంటి వేడిని తగ్గించుకుని, దాదాపు చచ్చినట్లు పడి ఉంటాయి. పెరూ కొండల్లో ఒక పిట్ట ఒంటి వేడి 3.3 డిగ్రీల సెల్సియస్‌కు దిగినట్లు 2020లో వెలువడిన పరిశోధన చెబుతోంది. తెల్లవారేసరికి ఒళ్లు వేడెక్కించుకుని మళ్లీ పూల వేటకు బయల్దేరుతుంది.

కొండ ఇచ్చిన ఈ వరమే ప్రమాదం కూడా. దక్షిణ ఈక్వడార్‌లో నీలికంఠపు హమ్మింగ్ బర్డ్ ఒకటి 2017లో కంటపడింది, 2018లో కొత్త జాతిగా నమోదైంది. చెట్లు లేని ఎత్తైన గడ్డినేలల్లో, నారింజరంగు పూల పొదల మధ్య ఉంటుంది. మొత్తం 750కి మించి ఉండవని దాన్ని కనుగొన్నవారి అంచనా. పశువుల మేత కోసం ఆ గడ్డికి నిప్పు పెడుతున్నారు. బంగారు గనుల బెడదా ఉంది. ఆ కొండ దిగి వేరేచోటికి పోదామన్నా, కింద వెచ్చని లోయల్లో దానికి కావలసిన పొదలు లేవు.